చల్లగా ఉంటే చచ్చినట్టే!

కొండదారుల్లో తిరిగే జీపులు, పికప్ ట్రక్కుల కింద ఎవరి కంటా పడకుండా పనిచేసే షాకబ్జర్ల సంగతి ఇది. అవి ఎలా పోతాయి, పోయాయని ఎలా పట్టుకోవాలి, మార్చేటప్పుడు పని ఎక్కడ చెడుతుంది?

ఇంజిన్ మొరాయిస్తే బండి కదలదు. బ్రేకు అందకపోతే పైప్రాణాలు పైనే పోతాయి. టైరులో గాలి పోతే దిగి చూడక తప్పదు. షాకబ్జర్ పోతే మాత్రం ఇలాంటిదేమీ జరగదు. బండి ఎప్పటిలాగే స్టార్టవుతుంది, లోడు లాగుతుంది, పొద్దుగూకేసరికి ఇల్లు చేరుతుంది. అందుకే మరమ్మతుల చిట్టాలో దాని వంతు ఎప్పుడూ ఆఖరిదే. ‘ఈ సీజన్ గడవనీ, తర్వాత చూద్దాం’ అంటూ ఏళ్లు లాగించేస్తారు.

అది మానేసిన పని మాత్రం ఎక్కడికీ పోదు. ముందు కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద పడుతుంది. తర్వాత రబ్బరు బుష్‌లు నలుగుతాయి, టైర్లు గుంటలు గుంటలుగా అరుగుతాయి, ఛాసిస్ మీది బ్రాకెట్లు వెల్డింగు దగ్గర పగుళ్లిస్తాయి. చివరికి వెనక బెంచీ మీద కూర్చున్న మనిషి నడుముకు చేరుతుంది.

బొర్రా గుహల నుంచి కటికి జలపాతానికి జీపులో వెళ్లినవాళ్లకు, శ్రీశైలం దగ్గర నల్లమల అడవిలో ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి పోయినవాళ్లకు ఆ కుదుపులు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. రాళ్లు, వేర్లు, వానకు కోసుకుపోయిన గండ్లు. దిగాక అందరూ అనే మాట ఒకటే: ‘దారి బాగోలేదు’. నిజమే. కానీ అదే దారిలో, అదే వేగంతో పోయే రెండు జీపుల్లో ఒకదాంట్లో మనిషి కుదురుగా కూర్చోగలుగుతాడు. రెండోదాంట్లో పైకడ్డీ పట్టుకుని వేలాడాల్సి వస్తుంది. ఆ తేడా చాలాసార్లు బండి కిందే ఉంటుంది. మనం ఏడాదికోసారి ఎక్కి ఒళ్లునొప్పులతో ఇంటికొచ్చేస్తాం. డ్రైవరు రోజూ ఎక్కుతాడు. మన్యంలో సంతకు పోయే రైతుకైనా, ఆస్పత్రికి పోవాల్సిన నిండు గర్భిణికైనా చాలాచోట్ల దొరికేది ఆ జీపే. కూర్చున్న మనిషి ఒళ్లు సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపులకే అన్నిటికంటే ఎక్కువ నలుగుతుందని, ఒంటికి తగిలే అదురును కొలిచే ఐఎస్‌ఓ 2631 ప్రమాణం లెక్కగడుతుంది. షాకబ్జర్ మార్చడమంటే నాకు ముందు ఆ ఒళ్లే గుర్తొస్తుంది, బండి తర్వాతే.

దెబ్బ ఎక్కడికి పోతుంది?

కమాన్ కట్ట అయినా, కాయిల్ స్ప్రింగ్ అయినా చేసేది ఒకటే: గోతిలో తగిలిన దెబ్బను దాచుకుంటుంది. దాచుకున్నదాన్ని మళ్లీ తిరిగిచ్చేస్తుంది. ఆపేవాళ్లు లేకపోతే బండి అలా లేస్తూ పడుతూనే ఉంటుంది. ఆ ఊపును మింగేది షాకబ్జర్. గొట్టం నిండా నూనె, అందులో పిస్టన్, పిస్టన్‌కు సన్నటి రంధ్రాలు, వాటిని మూసి ఉంచే పల్చటి ఉక్కు రేకులు. రాడ్ కదిలినప్పుడల్లా నూనె ఆ రేకుల్ని తోసుకుని అవతలి వైపు దూరాలి. నెమ్మదిగా లాగితే దారిస్తుంది, విసురుగా లాగితే ఎదురు తిరుగుతుంది. ఆ పెనుగులాటలో కుదుపు కాస్తా వేడిగా మారి, గొట్టం గోడల్లోంచి గాలిలో కలిసిపోతుంది.

ఎంత వేడి? రెండు టన్నుల బండి పది సెంటీమీటర్లు కిందికి దిగిందంటే సుమారు 2000 జౌళ్ల శక్తి. 100 మిల్లీలీటర్ల నీళ్లను దాదాపు 5 డిగ్రీలు వేడెక్కించడానికి అది చాలు. ఒక్క గోతికి ఇంత. పది కిలోమీటర్ల అడవి దారిలో ఎన్ని గోతులుంటాయో ఆ దారిలో నడిచేవాళ్లకే తెలియాలి. ఆ వేడిలో కొంత కమాన్ పట్టీల రాపిడిలో, కొంత టైర్లలో పోతుంది. ఎక్కువ భాగం ఆ నాలుగు గొట్టాల్లోని కొద్దిపాటి నూనె మీదే పడుతుంది.

షాకబ్జర్ అదుపు చేయాల్సినవి రెండు రకాల ఊపులు. బండి పైభాగం సెకనుకు ఒకటి రెండు సార్లు తీరిగ్గా ఊగుతుంది. చక్రమూ ఇరుసూ మాత్రం సెకనుకు పది పదిహేను సార్లు టపటపా కొట్టుకుంటాయి. మొదటిది కడుపులో తిప్పుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది రెండోది. నేల మీంచి లేచిన చక్రానికి, గాల్లో ఉన్నంతసేపు బ్రేకు ఎంత తొక్కినా పట్టు ఉండదు, స్టీరింగు ఎంత తిప్పినా మలుపు ఉండదు. ఘాట్ దిగుతూ మలుపులో బ్రేకు తొక్కినప్పుడు చక్రం నేలను వదలకుండా పట్టుకున్నది బ్రేకు గొప్పతనమే అనుకుంటాం. అందులో సగం పుణ్యం షాకబ్జర్‌ది.

నూనెతో పనిచేసే షాకబ్జర్‌కు వందేళ్లు దాటాయి. ఫ్రాన్స్‌లో మోరిస్ హూడై 20వ శతాబ్దం తొలి దశాబ్దంలోనే అలాంటిది తయారుచేశాడు. 1927 చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏకి హూడై షాకబ్జర్లే బిగించారు. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలు, వాటి పక్కనే గొట్టం ఆకారపు షాకబ్జర్లు ఉండేవి. మహీంద్రా 1947లో ఆ జీపుల్ని మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. మన కొండలెక్కిన కమాండర్లు, మేజర్లు ఆ వంశానివే. 1950ల్లో ద కార్బన్ అనే మరో ఫ్రెంచి ఇంజినీరు ఒకే గొట్టంలో నూనెను ఒక పక్క, ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌ను ఇంకో పక్క, మధ్యలో కదిలే పిస్టన్ పెట్టి విడదీశాడు. ఆ విడదీయడం ఎందుకంత అవసరమైందో కంకర రోడ్డు మీద తెలుస్తుంది.

మామూలు షాకబ్జర్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. బయటి గొట్టంలో కాస్త నూనె, పైన కాస్త గాలి. గంటలకొద్దీ కుదిపితే నూనె, గాలి కలిసి నురగవుతాయి. నురగను తోయడానికి పిస్టన్‌కు కష్టమే ఉండదు, కాబట్టి ఊపు ఆగదు. కంకర రోడ్ల మీద అడ్డంగా ఏర్పడే అలలే ఈ పనికి పెట్టింది పేరు. అల నుంచి అలకు 60 సెంటీమీటర్లుంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే చక్రానికి సెకనుకు 18 దెబ్బలు. ఈ అలలు ఎలా పుడతాయో టాబెర్లే, మోరిస్, మకెల్‌వెయిన్ అనే శాస్త్రవేత్తలు 2007లో ఇసుకబల్ల మీద చక్రం తిప్పి చూపించారు. స్ప్రింగులూ షాకబ్జర్లూ లేని చక్రమైనా, కొంత వేగం దాటితే అలలు పుట్టి తీరతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 660 కిలోమీటర్ల గిబ్ రివర్ రోడ్డు వీటికే పేరుమోసింది. పొద్దున బాగున్న బండి మధ్యాహ్నానికి తేలిపోతూ, రాత్రి చల్లారాక మళ్లీ మామూలుగా నడిచిందంటే లోపల నురగ కట్టిందని అర్థం. నురగ పేరుకోకుండా చాలా షాకబ్జర్లలో ఇప్పుడు కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్ నింపుతున్నారు.

అరచేతి పరీక్ష

బండి మూలన చేత్తో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష అందరికీ తెలుసు. చిన్న కార్లకు అది కొంతవరకు పనికొస్తుంది. కమాన్ కట్టల జీపుకు, ట్రక్కుకు నమ్మకూడదు. పట్టీ మీద పట్టీ ఒరుసుకునే రాపిడే కొంత ఊపును చంపేస్తుంది. పైగా అంత గట్టి కట్టను మనిషి నొక్కితే అది వంగేదెంత? షాకబ్జర్ పూర్తిగా చచ్చినా బండి బుద్ధిగా నిలబడే ఉంటుంది. పాత జీపుల్లో ఈ జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి ఇదే కారణం.

పాడేరు వైపు ఒక షెడ్డులో చూసిన పద్ధతి నాకు అంతకంటే నచ్చింది. జీపు అప్పుడే కొండ దిగి వచ్చింది. మేస్త్రీ జాకీ తీయలేదు, పానా పట్టలేదు. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని చేతి వెనకభాగం షాకబ్జర్‌కు ఇలా ఆనించి అలా తీసేశాడు. అవతలి వైపుకు వెళ్లి అదే చేశాడు. ఈసారి చెయ్యి అక్కడే ఉంచాడు.

“ఇక్కడ చెయ్యి పెట్టండి సార్, కాలదులెండి” అన్నాడు. పెట్టాను. పక్కనున్న ఛాసిస్ ఎంత చల్లగా ఉందో అదీ అంతే చల్లగా ఉంది. అవతలిది మాత్రం చురుక్కుమంది.

“అదేంటన్నా, మొన్న సంక్రాంతికేగా కొత్తది వేశాం!” అన్నాడు డ్రైవరు.

“వేశావు తమ్ముడూ, ఒక పక్కే వేశావు. అది రెండింటి పనీ చేస్తోంది. ఇది ఊరికే వేలాడుతోంది. ఇంకో వర్షాకాలం పోతే అదీ పోతుంది.”

దాంతో జతగా ఎందుకు మార్చాలో నాకు పుస్తకం అక్కర్లేకుండానే అర్థమైంది. ఒకే ఇరుసుకు రెండు పక్కలా రెండు తీరుల షాకబ్జర్లుంటే బండి బ్రేకు వేసినప్పుడు, మలుపులో ఒక్కో పక్క ఒక్కోలా లేస్తుంది. ముందు రెండూ ఒక జత, వెనక రెండూ ఒక జత. డబ్బులు చాలకపోతే ముందు ఒక జత మార్చి ఇంకో జత తర్వాత మార్చుకోవచ్చు గానీ, జతను విడగొట్టకూడదు.

కంటికి కనిపించే గుర్తులూ ఉన్నాయి. రాడ్ దగ్గర సన్నగా చెమ్మ ఉంటే కంగారు అక్కర్లేదు, సీలు తడిగా ఉండటం దాని స్వభావమే. గొట్టం పొడుగునా నూనె కారి, దాని మీద దుమ్ము మందంగా పేరుకుంటే ఇక దాని పని అయిపోయినట్టే. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరితే ఎత్తుపల్లాలు తగులుతున్నాయా చూడండి. చక్రం నేలను దంచుకుంటూ పోయిన ఆనవాళ్లవి. ఒక్కమాట మాత్రం మేస్త్రీలు ఎన్నిసార్లు చెప్పినా బండివాళ్లకు ఎక్కదు: వెనక భాగం కూలబడితే అది షాకబ్జర్ లోపం కాదు. బరువు మోసేవి కమాన్ కట్టలు. పట్టీలు వంగిపోయిన బండికి ఎంత ఖరీదైన షాకబ్జర్ వేసినా బండి అంగుళం లేవదు.

పని దగ్గరకొద్దాం

ఉదాహరణకు మన గడ్డ మీద తయారయ్యే ట్రక్కునే తీసుకుందాం. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారవుతుంది. ఆ ఫ్యాక్టరీ మొదలైందీ, ఆ బండి మన మార్కెట్లోకి వచ్చిందీ 2016లోనే. ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, వాటికి కాయిల్ స్ప్రింగులు. వెనక ఒకే ఇరుసు, కమాన్ కట్టలు. ఈ రెండు చోట్లా షాకబ్జర్ మార్చడం పూర్తిగా వేర్వేరు పనులు.

వెనకది నేర్పున్నవాళ్లు ఇంటి ముంగిట్లో చేసుకోగలిగిన పని. పైన ఛాసిస్‌కు ఒక బోల్టు, కింద ఇరుసు బ్రాకెట్‌కు ఒక బోల్టు. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి చాలాసార్లు చక్రం లేపకుండానే పానా ఆడుతుంది. లేపాల్సి వస్తే ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలబెట్టాకే కిందికి దూరాలి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి వెళ్లడం ఎప్పటికీ వద్దు. ఇంకొకటి: షాకబ్జర్ తీసేశాక ఇరుసును ఒక్కసారిగా కిందికి వదిలితే బ్రేకు గొట్టం లాగేసుకుంటుంది. ఇరుసు కింద ఒక జాకీ ఉండాల్సిందే.

ఈ పనిలో సగం కాలం తుప్పు తినేస్తుంది. విశాఖ సముద్రపు గాలిలో, మన్యం బురదలో తిరిగిన బండికి కింది బోల్టు బుష్‌లోని ఉక్కు గొట్టంలోనే అతుక్కుపోయి ఉంటుంది. ముందురోజు రాత్రే మరల మీది మట్టి వైరు బ్రష్షుతో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేస్తే పొద్దున పని తేలిక. తొందరపడి గ్యాసు మంట పెట్టడం చాలా షెడ్లలో చూస్తాం. షాకబ్జర్ గొట్టంలో నూనె, ఒత్తిడితో నింపిన గ్యాసు ఉన్నాయని ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. మంట తగిలితే అది పేలగలదు. నట్టు రాకపోతే కోసేయండి. ఎలాగూ కొత్త బోల్టు వేయడమే మంచిది.

పాతది తీశాక దాన్ని చేత్తో ఒకసారి లాగి నొక్కండి. మధ్యలో ఎక్కడైనా ఖాళీగా, పట్టు లేకుండా జారితే లోపల నూనె తగ్గిందని. కొత్తది పెట్టెలోంచి తీయగానే బిగించకూడదు. పడుకోబెట్టి ఉంచినవాటిలో గాలి నూనెలోకి చేరి ఉంటుంది. గొట్టంలో గొట్టం ఉన్న రకాన్ని బండికి ఎలా ఉంటుందో అలా నిలబెట్టి, పూర్తిగా సాగదీసి, పూర్తిగా నొక్కి, ఆ పని కొన్నిసార్లు చేయాలి. మొదట్లో గులగులమనే చప్పుడు ఆగిపోయి, రాడ్ ఒకే తీరున బరువుగా కదలడం మొదలైతే సిద్ధమైనట్టు. గ్యాసు ఉన్నవాటికి చుట్టూ పట్టీ కట్టి వస్తుంది. దాన్ని బిగింపు పూర్తయ్యాకే కోయాలి. మెరిసే రాడ్‌ను మాత్రం కటింగ్ ప్లేయరుతో పట్టుకోకూడదు. కంటికి ఆనని గీత పడినా, లేచి దిగిన ప్రతిసారీ అది సీలును కోస్తూ పోతుంది. కొత్త షాకబ్జర్లు నెలల్లోనే కారడానికి ఈ ఒక్క తప్పు చాలు. రబ్బరు బుష్ ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయండి. ఇంజినాయిల్, గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఆఖరి బిగువు దగ్గరే ఎక్కువమంది తొందరపడతారు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా షాకబ్జర్ రెండు చివర్ల బోల్టులు పూర్తిగా బిగిస్తే, బుష్‌లోని రబ్బరు ఆ వంపులోనే ఇరుక్కుపోతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరుగుతుంది, ఇక ఎప్పుడూ ఆ మెలికలోనే బతకాలి. మెలిపెట్టిన తువ్వాలులా కొన్నాళ్లకు నార నార అవుతుంది. బోల్టులు వేళ్లతో తిప్పగలిగినంత తిప్పి, బండిని చక్రాల మీద నిలబెట్టి, అప్పుడు కంపెనీ మాన్యువల్ చెప్పిన బిగువు ఇవ్వాలి. చాలా పికప్‌లలో వెనక ఒక షాకబ్జర్ ఇరుసుకు ముందు, ఇంకొకటి ఇరుసుకు వెనక వాలి ఉంటాయి. ఇరుసు మెలితిరగకుండా కావాలనే అలా పెడతారు. పాతది ఎటు వాలిందో కొత్తదీ అటే.

ముందు చక్రాల పని వేరు. అక్కడ షాకబ్జర్ చుట్టూ కాయిల్ స్ప్రింగ్ నొక్కి పెట్టి ఉంటుంది. పైన మధ్యలో కనిపించే ఒక్క నట్టే ఆ బలాన్నంతా ఆపుతోంది. స్ప్రింగును కంప్రెసర్‌తో బంధించకుండా ఆ నట్టు విప్పితే అది మనిషి మీదికి ఎగురుతుంది. దవడలు విరిగే దెబ్బ, ప్రాణాలు పోయే దెబ్బ. సరైన పరికరం ఉన్న షెడ్డుకు ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు. తాళ్లతో, ఇనుప తీగతో స్ప్రింగును కట్టే షెడ్డయితే అక్కడి నుంచి బండి తీసుకెళ్లిపోండి. ముందు భాగం విప్పి బిగించాక చక్రాల అలైన్‌మెంటు చూపించుకోవడం తప్పనిసరి.

ఏది వేయాలి?

విజయవాడ ఆటోనగర్‌కో, సికింద్రాబాద్ రాణిగంజ్‌కో వెళితే ఒకే బండికి రకరకాల ధరల షాకబ్జర్లు చూపిస్తారు. అందులో నాకు బాధ కలిగించేవి రంగేసిన పాతవి. చచ్చిన గొట్టానికి రంధ్రం పెట్టి, దొరికిన నూనె నింపి, వెల్డింగ్ చేసి, నల్లరంగు కొట్టి పెడతారు. రంధ్రం పెట్టగానే గ్యాసు పోతుంది. షాకబ్జర్ నూనె పల్చగా, వేడికీ చలికీ పెద్దగా మారకుండా ఉండేలా చేసినది. దాని బదులు ఇంజినాయిల్ పోస్తే పొద్దున కర్రలా బిగుసుకుని, ఎండెక్కాక నీళ్లలా జారుతుంది. చేత్తో నొక్కితే గట్టిగా ఉంది కదా అని కొనుక్కుపోయే డ్రైవరు మోసపోతున్నాడు. అతని బండిలో కూర్చున్నవాళ్లూ మోసపోతున్నారు. బిల్లు, వారంటీ కాగితం ఇవ్వని షాకబ్జర్ కొండ బండికి వద్దు.

ట్రక్కును ఎత్తు పెంచి అడవుల్లోకి తీసుకెళ్లే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. వాళ్లు పొడుగు షాకబ్జర్ కోసం అడుగుతారు. పొడుగు కంటే ముందు చూడాల్సింది, పూర్తిగా నొక్కితే అది ఎంతకు ముడుచుకుంటుందన్నది. ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పుడు ముందు రబ్బరు బంప్ స్టాప్ తగలాలి, షాకబ్జర్ లోపలి అడుగు కాదు. ఆ వరస తారుమారైతే రెండు టన్నుల బండి దెబ్బంతా పిస్టన్ మీద, పైబ్రాకెట్ మీద పడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదన్నదీ మనసులో పెట్టుకోవాలి. రాళ్లదారికి వెళ్లేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: ఎత్తు కోసం పెట్టే డబ్బును నాణ్యమైన, కంపెనీ కొలతకు సరిపోయే షాకబ్జర్ల మీద పెట్టండి. ట్రక్కు ఖాళీగా తిరుగుతుందా, బరువుతోనా అన్నది షాపులో ముందే చెప్పండి. బరువుకు తగ్గట్టు చేసిన గట్టి షాకబ్జర్‌ను ఖాళీ బండికి వేస్తే వెనక చక్రాలు చిన్న రాయికే ఎగురుతాయి.

బిగించాక మొదటి ప్రయాణం తెలిసిన దారిలోనే చేయండి. తిరిగొచ్చాక నాలుగింటి మీదా చెయ్యి పెట్టి చూడండి. ఒక జతలో రెండూ ఒకే తీరున వేడెక్కి ఉండాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, రబ్బరు సర్దుకున్నాక, బోల్టుల బిగువు మళ్లీ చూడాలి. రాళ్లదారిలో వదులైన నట్టు రాలిపోవడానికి ఒక్క రోజు చాలు. తీసిన పాత షాకబ్జర్లలోని నూనెను మురుక్కాలవలోనో, వాగు పక్కనో పారబోయకుండా, వాడేసిన ఇంజినాయిల్ కొనేవాళ్లకే ఇవ్వండి. గ్యాసు ఉన్న గొట్టాన్ని తుక్కుకు వేసేటప్పుడు ఆ మాట తుక్కుకొట్టువాడికి చెప్పడం మర్చిపోకండి. దాన్ని కోసేది అతనే.